ఎర్ర సుద్ద గుర్తు

నా అక్షరాల్లో తప్పులుంటాయి, మన్నించాలి. ఏ అక్షరానికి ఒత్తు పెట్టాలో ఇంకా తడబడతాను. అరవై దాటాక దిద్దుకున్న చదువు. ఈ నాలుగు కాగితాలు రాయడానికి ఒక వానాకాలమంతా పట్టింది. కొంత నేను చూసింది, కొంత టోని చెప్పింది, మిగతాది ఊహ.

నూకరాజు హార్మోనియం రీడు పలకను పెదవుల దగ్గర పెట్టుకుని గాలి ఊదాడు. ఇత్తడి నాలుక సన్నగా పలికింది. మళ్లీ ఊదాడు. సరిగ్గానే పలుకుతోంది. అదే అతనికి బోధపడటం లేదు. సరిగ్గా ఉన్నదాన్ని బాగు చెయ్యమని ఎందుకిచ్చినట్టు?

రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగి గంట దాటింది. రిటైరై ఎనిమిదేళ్లయినా అతను ఆ సైరన్‌కే లేస్తాడు, ఆ ఖాకీ చొక్కాయే తొడుగుతాడు. ఖరగ్‌పూర్ నింపురాలో తన రెండు గదుల ఇంటి వరండాలో గోనెపట్టా పరిచి, ఆకురాళ్లను పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా పేర్చుకుని కూర్చుంటాడు. ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా ఇనుము రాసిన చేతులు ఇప్పుడు హార్మోనియం రీడ్లు రాస్తున్నాయి. వర్క్‌షాపు అలవాటొకటి మాత్రం పోలేదు. చెడిన మెట్టు మీద ఎర్ర సుద్దతో ఇంటూ గుర్తు పెడతాడు. బాగుపడ్డాక బొటనవేలు తడి చేసుకుని తుడిచేస్తాడు. కొలిచే గేజిలో పడితే పాసు, పడకపోతే రిజెక్టు. ఆ రెంటికీ మధ్య ఇంకోటి ఉంటుందని అతనికెవరూ చెప్పలేదు.

ఈ హార్మోనియం పెట్టె సత్యవాణిది. గోల్ బజారు కొట్టువాళ్ల అమ్మాయి, బడిలో పిల్లలకు సంగీతం చెబుతుంది. "మధ్య వరసలో తెల్ల మెట్టు గాంధారం మా పాటకు కుదరటం లేదు బాబాయ్" అని నిన్న దింపి వెళ్లింది. ఆ తెల్ల మెట్టు మీద గుర్తయితే పెట్టాడు గాని, చూడగా తప్పేమీ కనిపించలేదు.

తొమ్మిదింటికి సత్యవాణి వచ్చింది. వెనకే టోని, భుజాన సాక్సఫోన్ సంచితో. రైల్వే గార్డుగా రిటైరైన ముసలి ఆంగ్లో ఇండియన్, నూకరాజుకు పాత స్నేహితుడు. అతని పక్కన పొడుగాటి మనిషొకడు, పేరు హాషిం. ఈజిప్టు నుంచి హిజ్లీ ఇంజినీరింగు కాలేజీ క్యాంపస్‌కు పరిశోధనకని వచ్చాడు. అతని చేతిలోని వాద్యం నిలువుగా చీరిన పుచ్చకాయలా ఉంది. దాన్ని ఊద్ అంటారట. దాని మెడ మీద ఒక్క మెట్టూ లేదు.

"ఇందులో తప్పేటీ లేదమ్మా. కడిగిన ముత్తెంలాగున్నాది" అన్నాడు నూకరాజు, రీడును పెట్టెలో బిగిస్తూ.

"అదే తప్పు దాదా!" టోని నవ్వాడు. "రేపు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ హాల్లో మా ముగ్గురి పాట. దీన్ని కొంచెం పాడు చేసి పెట్టు."

"బాగున్నదాన్ని పాడు సెయ్యాలా? నీకు మతిగానీ పోనాదేటి?"

"గార్డు పని చేసినోడికి మతెప్పుడుంది?"

హాషిం తంతి మీటాడు. ఒకటి, రెండు, మూడో స్వరం. ఆ మూడోదాని దగ్గర నూకరాజు మొహం పుల్లటిది తిన్నట్టయింది. నల్ల మెట్టు నొక్కాడు. ఆ స్వరం దానికి పైన ఉంది. పక్కనున్న తెల్ల మెట్టు నొక్కాడు. దీనికి కింద ఉంది. రెండు మెట్ల సందులో దుమ్ము ఉంటుంది గాని స్వరం ఎక్కడుంటుంది?

"ఇది తప్పు సొరం కాదా?" హిందీలో అడిగాడు.

"మా ఊళ్లో పెళ్లికీ ఇదే, చావుకీ ఇదే, చాచా" అన్నాడు హాషిం, వచ్చీ రాని హిందీలోనే.

నూకరాజుకు తల తిరిగినట్టయింది. తన చెవులే పాడయ్యాయా? పొద్దున్నుంచీ ఎడమ భుజం కూడా లాగుతోంది. అయినా ఇంటికొచ్చి అడిగినవాళ్లకు లేదనడం అతనికి చేతకాదు. రీడు మళ్లీ విప్పి, నాలుక కింద సన్నటి రేకు దోపి, మొదలు దగ్గర ఆకురాయితో రెండు సార్లు గీశాడు. మొదలు దగ్గర అరిగితే స్వరం దిగుతుంది. ఊదాడు. హాషిం తంతి మీటి, "ఔర్ థోడా" అన్నాడు, ఇంకొంచెం అని. మరొక్క గీత. ఊదాడు. ఇంకొక్కటి, ఊపిరి బిగబట్టి.

రీడును పెట్టెలో బిగించి మెట్టు నొక్కితే ఊద్, హార్మోనియం ఒక్క గొంతయ్యాయి. ఈ స్వరం తనకు తెలుసు. ఎక్కడ విన్నాడో మాత్రం తట్టలేదు.

ముగ్గురూ అక్కడే వాయించి చూసుకున్నారు. ఊద్ నడుస్తుంటే సత్యవాణి సరిగమలతో అల్లుకుంది. టోని సాక్సఫోన్ దారి తప్పిన గూడ్సు బండిలా ఎటో వెళ్లి, తిరిగి అదే ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగింది. అది భజనో, పెళ్లిపాటో, ఏడుపో నూకరాజుకు తెలియలేదు.

"దీని పేరేటి?"

"పేరింకా పుట్టలేదు దాదా, పాట పుట్టింది అంతే" అన్నాడు టోని.

సరిగ్గా అప్పుడు వంటింట్లో గిన్నె చప్పుడైంది. నూకరాజు అటు తిరిగాడు. అప్పుడు గుర్తొచ్చింది.

పెళ్లయిన రెండో ఏడు. రామమందిరంలో భజన. పెట్టె వాయిస్తున్నది తనే. ఆడవాళ్ల వరసలో భార్య పోలమ్మ గొంతెత్తింది. ఎత్తిన ప్రతిసారీ గాంధారం దగ్గర జారి రెండు మెట్ల మధ్య పడుతోంది. అతను తిత్తి ఆపి అందరి ముందూ అన్నాడు: "నువ్వూరుకో పోలీ. పెట్టి సెడిపోద్ది." అందరూ నవ్వారు. పోలమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత ఆమె పాడగా విన్న గుర్తు లేదు. నలభై ఏళ్లు దాటింది. ఆమె పాడలేదా, తనే వినలేదా?

"రీడు కుదురుకోవాల. సాయంత్రం దాకా ఉంచండి" అన్నాడు పైకి.

బడి వదిలాక ఐదింటికి తీసుకెళ్తానంది సత్యవాణి. వాళ్లు వెళ్లాక నూకరాజు బొటనవేలు తడి చేసుకుని ఎర్ర గుర్తు మీదికి పోనిచ్చాడు. తుడిస్తే బాగుపడిందని అర్థం. అప్పుడు ఆనాడు తానన్న మాట సంగతేమిటి? ఉంచితే ఇంకా చెడే ఉన్నట్టు. వేలు గాలిలోనే ఆరిపోయింది.

మధ్యాహ్నం పోలమ్మ అన్నం, చిన్నచేపల పులుసు పెట్టింది. అతను నాలుగు ముద్దలు తిని ఆగాడు.

"పోలీ, మీ ఊరి ఊడుపుల పాటొకటుండేది. ఒక్కసారి పాడు."

ఆమె అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జొరం లేదే. మరేటొచ్చినాది నీకు?"

"పాడెహె."

"నాను పాడితే పెట్టి సెడిపోద్ది గదా."

నవ్వుతూనే అంది. నలభై ఏళ్ల మాట ఆమె నోట తయారుగా ఉంది. నూకరాజు కంచంలో వేలితో గీతలు గీశాడు. "పెట్టిదే తప్పు" అన్నాడు చివరికి. "అందులో నీ సొరానికి మెట్టు లేదు. ఇయ్యాల పెట్టినాను."

పోలమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ముసలాడికి ఎండ దెబ్బ తగిలిందనుకుంది. కంచాలు తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లింది. ఇటు వీపు పెట్టి కూర్చుని, బూడిదతో గిన్నె రుద్దుతూ, ఎవరూ వినడం లేదన్నట్టు మెల్లగా అందుకుంది. మొదటి చరణంలో సగం మాటలు మరిచిపోయింది. రెండో చరణానికి గొంతు తెరుచుకుంది. గొంతు జారే చోటికి వచ్చి ఎప్పటిలాగే జారింది.

వరండాలోంచి పెట్టె పలికింది. సరిగ్గా ఆమె గొంతు పడిన చోటే పలికింది. ఆమె ఉలిక్కిపడినా ఆపలేదు. మళ్లీ జారింది. మళ్లీ పెట్టె పట్టుకుంది. వెనక్కి తిరగలేదు, తిరిగితే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో ఆమెకే తెలియలేదు. మూడో చరణంలో ఆ స్వరం పొడుగ్గా సాగి, సన్నబడి, తిత్తిలో గాలి అయిపోయినట్టు ఆగింది. కునుకు పట్టినట్టుందిలే అనుకుంది. అలిగినవాళ్లలా మధ్యలో ఆపడం ఎందుకని పాట చివరిదాకా పాడింది. గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని లోపలికొచ్చింది.

నూకరాజు తల పెట్టె మీద వాల్చి ఉన్నాడు. ఎడమ చెయ్యి తిత్తి మీద ఉంది. కుడి చేతి వేలు మెట్టు మీదే ఉంది.

ఐదింటికి సత్యవాణి వచ్చేసరికి ఇంటి నిండా జనం.

ముగ్గురి పాట నెల తర్వాత ఇన్‌స్టిట్యూట్‌లో జరిగింది. పోలమ్మ వెనక బెంచీలో కూర్చుని విన్నది. అందులో తనదేదో తెలుసుకోలేకపోయింది. ఒక్క చోట మాత్రం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పాటకిప్పటికీ పేరు పెట్టలేదు.

ఆదివారాలు అక్షరాలు దిద్దించడానికి వచ్చేటప్పుడు సత్యవాణి ఆ పెట్టెను కూడా తెస్తుంది. ముందు మూత తీసి, మెత్తటి గుడ్డతో మెట్లన్నీ ఒక్కొక్కటే తుడుస్తుంది. ఒక్క తెల్ల మెట్టును మాత్రం దాటేస్తుంది. దాని మీద ఎర్ర సుద్ద గుర్తు, వేళ్ల రాపిడికి ఒక కొన చెరిగి, అలాగే ఉంది.

బమ్మిడి పోలమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది ప్రేమ్ బజార్, ఖరగ్‌పూర్.