అంచు కుట్టిన గోనెపట్టా

ఆడబిడ్డ అర్ధమొగుడని ఎవరన్నారో గానీ, వాళ్ళు లెక్క తక్కువ కట్టారు. టైలరమ్మ ఇంటికి ఆడబిడ్డ వచ్చీ రాగానే కుట్టుమిషను వెనకగదిలోంచి వసారాలోకి వచ్చి పడింది. ఆ గదికి ఉత్తరం వైపు కిటికీ ఉంది. నల్లగుడ్డ మీద నల్లదారం కూడా కనిపించేంత వెలుతురు వస్తుంది. కత్తిరింపులకి పెద్ద బల్ల ఉంది. వీధిలో సగంమంది బట్టలు ఆ బల్ల మీదే పుట్టాయి. ఇప్పుడు ఆ బల్ల కింద అట్టపెట్టెలో, వెచ్చదనానికి వేలాడదీసిన బల్బు కింద కోడిపిల్లలు, పక్కన మంచం మీద ఆడబిడ్డ.

ఆడబిడ్డని ఇంట్లో చిట్టి అంటారు. నలభై దాటినా చిట్టే. మొగుడితో పడక వచ్చేసింది. అందులో ఆమె తప్పేం లేదు, ఆ మొగుణ్ణి చూసినవాళ్ళెవరూ తప్పనరు, టైలరమ్మ కూడా అనదు. ఆమె కడుపుమంటంతా గది గురించే.

"కోడిపిల్లల్ని పెంచుతుందట. అవి గుడ్లకొస్తే వేరే ఇల్లు తీసుకుని వెళ్ళిపోతానంది," అన్నాడు టైలరమ్మ మొగుడు, యూనిఫాం చొక్కా విప్పుతూ. ఆయన బస్సు డ్రైవరు. "అంతవరకూ నోరు కాస్త అదుపులో పెట్టుకో."

"అలాగే పెట్టుకుంటాను. నా మిషనుకి కూడా వసారాలో చలేస్తోందని చెప్పండి, దానికీ ఒక బల్బు వేలాడదీస్తుంది."

అన్నమాట ప్రకారం నోరు అదుపులోనే పెట్టుకుంది, అదే ఆమె చేసిన మొదటి కసి. పుట్టింట్లో తల్లి కోళ్ళు పెంచేది. పసికూనలకి ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో టైలరమ్మకి నడక వచ్చినప్పటినుంచీ తెలుసు. చిట్టికి కోడిపిల్ల పచ్చగా ముద్దుగా ఉంటుందని తప్ప ఇంకేమీ తెలియదు. ఆ తెలియనితనాన్ని టైలరమ్మ వసారాలో మిషను తొక్కుతూ సినిమా చూసినట్టు చూసింది.

చిట్టి పెట్టెలో న్యూస్‌పేపరు పరిచింది. నున్నటి కాగితం మీద పిల్లల కాళ్ళు జారతాయి, జారి జారి పక్కలకి తిరిగిపోతాయి, ఆ తరవాత సరిగా నిలబడలేవు. టైలరమ్మ నోరు విప్పలేదు. చిట్టి లోతు గిన్నెతో నీళ్ళు పెట్టింది. విప్పలేదు. చిట్టి గుడ్లు పెట్టే కోళ్ళకి వేసే మేత బస్తా తెచ్చింది.

"ఎప్పటికైనా గుడ్లు పెట్టాల్సినవే కదా వదినా. ఇప్పటినుంచే అలవాటు చేస్తే మంచిది," అంది.

'అవును మరి, ఉయ్యాల్లో పిల్లాడికి గడ్డం గీసుకునే బ్లేడు కూడా కొనిపెట్టు' అని టైలరమ్మకి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ మేతలో గుడ్డుపెంకు గట్టిపడడానికి సున్నం ఎక్కువ కలుపుతారు. పసికూనల ఒళ్ళు దాన్ని తట్టుకోలేదు.

మర్నాడు ఒక పిల్ల గిన్నెలో మునిగి చచ్చింది. చిట్టి దాన్ని అరచేతిలో పెట్టుకుని ఏడ్చింది. టైలరమ్మకి జాలి వేసిందా అంటే, అబద్ధమెందుకు, వెయ్యలేదు. ఎండన పడి వచ్చి మంచినీళ్ళు తాగినంత హాయిగా ఉంది. కానీ గుడ్డ మీద కత్తెర పెట్టబోతుంటే చెయ్యి ఆగిపోయింది. అన్నీ ఇలాగే చస్తే? పిల్లలు చస్తే గుడ్లుండవు. గుడ్లు లేకపోతే చిట్టి ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. ఆ గదిలోనే, ఆ మంచం మీదే, ముసలిదయ్యేదాకా చిట్టిగానే ఉండిపోతుంది.

టైలరమ్మ కత్తెర పక్కన పెట్టేసింది. చిట్టిని ఇంట్లోంచి పంపాలంటే చిట్టి కోడిపిల్లల్ని తనే బతికించాలి. ఇంతకంటే దిక్కుమాలిన పని తన శత్రువుకి కూడా రాకూడదనుకుంది, ఆ శత్రువు చిట్టే అని గుర్తొచ్చి పళ్ళు కొరికింది.

చిట్టి స్నానానికి వెళ్ళిందంటే వీధిలో నీళ్ళన్నీ అయిపోవాల్సిందే. ఆ వేళ చూసి టైలరమ్మ వెనకగదిలో దూరింది. లోతు గిన్నె తీసేసి వెడల్పాటి డబ్బామూత పెట్టి, అందులో గులకరాళ్ళు పోసి నీళ్ళు నింపింది. రాళ్ళ సందుల్లో తాగొచ్చు, మునగడం కుదరదు. పిల్లలన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటెక్కి కీచుకీచుమంటున్నాయి, చలన్నమాట. బల్బు కాస్త కిందికి దించింది. కాసేపటికి విడివిడిగా పరుచుకుని కళ్ళు మూశాయి. బస్తాలోది తీసేసి, ముందే మేతల దుకాణం నుంచి తెచ్చి దాచిన పిల్లల మేత పోసింది. ఒకదానికి వెనక రెట్ట ఎండి అతుక్కుని దారి మూసుకుపోయింది. గుడ్డని గోరువెచ్చటి నీళ్ళలో తడిపి, మెల్లగా నానబెట్టి తుడిచింది.

"నీ ముడ్డి కడిగే రాత నాకే రాసిపెట్టాడా దేవుడు? పద, తొందరగా పెద్దదానివై దాన్ని వెంటబెట్టుకుని పో," అని దాని చెవిలో తిట్టింది.

ఆఖరికి కాగితం లాగేసి గోనెపట్టా పరచబోయింది. సరిగ్గా అక్కడే తన గొయ్యి తను తవ్వుకుంది. గోనె కత్తిరించిన చోట పీచు ఊడుతుంది. అది కూనల కాళ్ళకి చుట్టుకుంటే బిగుసుకుపోతుంది. పైగా అంచు ఊడిన గుడ్డ ఏది చూసినా టైలరమ్మకి ఒళ్ళంతా కంపరం. పట్టాని వసారాలోకి తెచ్చి నాలుగు అంచులూ మడిచి, మూలలు మూసి, మిషను మీద రెండేసి వరసలు కుట్టింది. దొంగతనానికి వెళ్ళినవాడు గోడ మీద పేరు రాసి వచ్చినట్టయింది. ఆ సంగతి ఆమెకి తట్టనే లేదు.

చిట్టి తల తుడుచుకుంటూ వచ్చి పెట్టెలోకి తొంగిచూసింది. "బంగారుతల్లులు, బాగానే ఉన్నాయి," అని మంచమెక్కింది. మర్నాడు మళ్ళీ లోతు గిన్నే పెట్టింది. టైలరమ్మ మళ్ళీ మార్చింది. రోజూ ఇదే తంతు. పట్టా తడిస్తే ఇంకో పట్టా, దానికీ అంచు. 'బుర్ర లేని మనిషి, తను పెట్టిందేదో, ఉన్నదేదో కూడా చూసుకోదు' అనుకునేది టైలరమ్మ.

పిల్లలకి రెక్కల్లో ఈకలొచ్చాయి. చిట్టికి మాటలొచ్చాయి.

"పిల్లల్ని పెంచాలంటే ఓపికుండాలి వదినా. అది అందరివల్లా అయ్యే పని కాదు."

గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే ఇదే. మొగుడు తోడయ్యాడు. "చూశావా మా చిట్టి చెయ్యి! నువ్వేమో మొదటినుంచీ మొహం ముడుచుకునే ఉన్నావు." టైలరమ్మ కక్కలేక మింగలేక కంచంలోకి చూసుకుంది. పోయేముందు పొగిడించుకోనీలే అని ఓర్చుకుంది.

పిల్లలు పెరట్లో గూటికి మారిన రోజున టైలరమ్మ వెనకగది కడిగింది. బల్లని కిటికీ దగ్గరికి జరిపింది. మిషను మోసుకొద్దామని తిరిగేసరికి గుమ్మంలో చిట్టి, చేతుల్లో ఇంకో అట్టపెట్టె. లోపల కీచుకీచులు.

"ఏమిటది?"

"కొత్త పిల్లలు. అన్నయ్య తెచ్చాడు."

"వెళ్ళిపోతానన్నావు కదా?"

"ఎక్కడికెళ్ళను వదినా? నా చేతిలో ఒక్కటీ బతకదు. ఆ సంగతి నాకూ తెలుసు, నీకూ తెలుసు." చిట్టి పెట్టె దించి, మంచం కింద నుంచి పాత గోనెపట్టా ఒకటి లాగి, దాని అంచు మీద వేలు పెట్టి నిదానంగా నడిపించింది. "గోనెసంచికి మూలలు మూసి కుట్టేవాళ్ళు ఈ ఇంట్లో ఎంతమందున్నారు? మొదటిరోజే చూశాను."

"తెలిసి కూడా రోజూ ఆ లోతు గిన్నె ఎందుకు పెట్టావే?"

"రోజూ వస్తావో రావో చూద్దామని."

ఏకై వచ్చి మేకై కూర్చున్నదాన్ని నిలువునా చీల్చెయ్యాలనిపించింది టైలరమ్మకి. "మీ అన్నయ్య రానీ, అంతా చెప్తాను!"

"చెప్పు. మీ చెల్లెల్ని తొందరగా తగిలేద్దామని దొంగచాటుగా కోళ్ళు పెంచానండీ అని చెప్పు. ఏమంటాడో నేనూ వింటాను."

"అయితే ఇక నేను ముట్టను. చావనీ."

"చావనీ," అంది చిట్టి. పెట్టెలో న్యూస్‌పేపరు పరిచింది. లోతు గిన్నె నిండా నీళ్ళు పోసి పెట్టింది. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళింది.

టైలరమ్మ వసారాలో మిషను ముందు కూర్చుని తొక్కింది. కీచుకీచులు వినపడకుండా ఇంకా గట్టిగా తొక్కింది. కుట్టు వంకరపోయింది. ఆమె చిట్టిని అసహ్యించుకుంది, మొగుణ్ణి అసహ్యించుకుంది, ఆ కూతల్లో ఏది చలి, ఏది ఆకలి అని విడివిడిగా తెలిసిపోతున్న తన చెవుల్ని అన్నిటికంటే ఎక్కువ అసహ్యించుకుంది. ఇంతలో గిన్నెలో ఏదో టపటపా కొట్టుకుంది.

ఆమె మిషను మీది గుడ్డతో సహా పరిగెత్తింది. మునిగినదాన్ని పైకి తీసి, ఎవరిదో కొత్త చొక్కా గుడ్డలో చుట్టి, ఒత్తి తుడిచింది. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. చిట్టి వింటోంది. టైలరమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది. చేతిలోది మాత్రం బతికానని కీచుమని అరిచింది.

లోపల చెంబు మళ్ళీ నీళ్ళలో మునిగింది, తీరిగ్గా.

"నీ మొహం మండ," అని తిట్టి, టైలరమ్మ గోనెసంచి కోసం కత్తెర తీసుకుంది.