బొమ్మల కొలువులోంచి సముద్రంలోకి

నేను ఒక చెక్క చేపని. నవ్వకండి మరి! సముద్రంలో నన్ను చూసి మతిపోగొట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. పుట్టింది ఏటికొప్పాకలో, అంకుడు కర్రతో. ఎర్రటి వీపు, పసుప్పచ్చ పొట్ట, ఒంటినిండా లక్క నిగనిగ. నోరు మాత్రం గుంటగా తొలిచారు. "ఇదేం బొమ్మండీ, ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటాది!" అన్నాడు నన్ను చేసినాయన. అలా చెయ్యమన్నది భీమిలి జగ్గారావుగారు. కరెంటాఫీసులో రిటైరయ్యాక ఆయనకి పట్టిన చేపల వేట పిచ్చి ఇది.

ఇంటికి తీసుకెళ్ళి నా పొట్ట కింద గాలం ముళ్ళు బిగించారు. ఆయన ఒడ్డున బండలమీద నిలబడి విసురుతారు. నేను నీళ్ళమీద పడతాను. దారం గుంజినప్పుడల్లా గుబుక్కు, గుబుక్కుమంటూ, దెబ్బ తగిలిన చిన్నచేపలా తూలుకుంటూ వస్తాను. అది చూస్తే పార చేపలకి ఒళ్ళు మండుతుందో, నోరూరుతుందో గానీ, కిందనుంచి ఎగిరొచ్చి మీద పడతాయి. అబ్బ, ఆ క్షణం ఉంది చూశారూ! నా పనే అది, నా సరదా కూడా అదే.

ఇక జగ్గారావుగారి బాధ చెప్పాలి. కూతురి పెళ్ళిలో మండపానికి ఆయన పంపిన కారు పెళ్ళికొడుకుని ఎక్కించుకుని, పెళ్ళికొడుకు తండ్రిని విడిదింట్లోనే వదిలేసి వెళ్ళిపోయింది. అంతే, వియ్యంకుడు తవిటినాయుడుగారు మూతి ముడుచుకున్నారు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. మధ్యలో నలిగిపోయింది ఆ పిల్ల. పుట్టింటి మాటెత్తితే మామగారికి కోపం, ఎత్తకపోతే తనకి ఏడుపు. చివరికి దసరా వెళ్ళిన ఆదివారం భోజనానికొస్తానని ఆయన ఫోన్లో ఒప్పుకున్నారు. ఆ సంబరంలో మా జగ్గారావుగారు నోరు జారారు.

"చెక్క చేపతో నేను పట్టిన పారే ఆ రోజు మీ విస్తట్లో పడుతుంది బావగారూ!"

"చెక్క బొమ్మకి చేప పడతాదేటి? చెవిలో పువ్వులెడతన్నారా? నా కళ్ళతో చూస్తే గానీ నమ్మను," అన్నారు అవతలాయన.

ఈలోగా దసరా వచ్చింది. జగ్గారావుగారి భార్య అప్పలకొండమ్మగారు బొమ్మల కొలువు పెట్టారు. నా అందం ఆవిడ కంట్లో పడింది. పేరంటానికొచ్చే పిల్లల చేతులకి గుచ్చుకుంటాయని ముళ్ళు ఊడదీసి పక్కన పెట్టేసి, నాకు పసుపు రాసి బొట్టు పెట్టి, పెళ్ళికూతురి బొమ్మ పక్కన కూర్చోబెట్టారు. హారతులు, శనగలు, పాటలు! నా దర్జా ఏం చెప్పమంటారు!

ఆదివారం తెల్లారుతూనే వియ్యంకుడు దిగారు. జగ్గారావుగారు కంగారుగా నన్ను ఇంకా ఎత్తని కొలువులోంచి లాగి, బొట్టు చూసి శుభశకునమని కళ్ళకద్దుకుని బండలకేసి పరుగెత్తారు. నా పొట్ట కింద చూడనే లేదు. వియ్యంకుడు పక్కన నిలబడి గుచ్చిగుచ్చి చూస్తుంటే, గబగబా దారం ముడి వేసి విసిరేశారు. ఓరి నాయనో, ముళ్ళు లేవయ్యా అని అరుద్దామనుకున్నాను. తెరిచిన నోరే గానీ గొంతేదీ?

గుబుక్కు! ధభేల్! పార లేచింది, నన్ను కరిచింది, గాలం కర్ర విల్లులా వంగింది, హుళక్కి! మళ్ళీ విసిరితే మళ్ళీ లేచింది, మళ్ళీ హుళక్కి! గాల్లో గిరగిరా తిరిగాను, నురగలో పల్టీలు కొట్టాను. జగ్గారావుగారికి ఏడుపొక్కటే తక్కువ.

"ఇటియ్యండి, మీకు చేతకాదు!" అంటూ తవిటినాయుడుగారు పంచె ఎగ్గట్టి కర్ర లాక్కున్నారు. పార ఎగిరింది. "అమ్మబాబోయ్! అదిగో బావగారూ, వచ్చీసింది, వచ్చీసింది!" అని చిన్నపిల్లాడిలా గెంతారు. అదీ పోయింది. ఇంత చోద్యమేమిటని దారం చుట్టి నన్ను పైకి లాగి, తిరగేసి చూశారు.

ముళ్ళు లేవు. జగ్గారావుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. కావాలని వేళాకోళం చేశారనుకుంటే ఇక రెండిళ్ళకీ శాశ్వతంగా చెల్లే. కూతురి మొహం గుర్తొచ్చి ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తవిటినాయుడుగారు నాకేసి చూశారు, వియ్యంకుడికేసి చూశారు.

"కారు పంపితే నన్ను మర్చిపోయారు, గాలం వేస్తే ముళ్ళు మర్చిపోయారు. అసలుదాన్ని మర్చిపోడం మీ ఇంటి ఆచారమేటి బావగారూ?"

అని, ఇక ఆపుకోలేక పగలబడి నవ్వుతూ తడిబండ మీదే చతికిలబడ్డారు. అల వచ్చి పంచె తడిపేసినా లేవలేదు. జగ్గారావుగారూ పక్కనే కూలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా నవ్వారు. ఆ మధ్యాహ్నం గుత్తివంకాయ కూరతోనే భోజనం. విషయం విని అప్పలకొండమ్మగారు నాలిక్కరుచుకున్నారు. వియ్యంకుడు మాత్రం మారు వడ్డించుకుని, వచ్చే ఆదివారం కోడల్ని కూడా తీసుకొస్తానన్నారు.

ఇప్పుడు నా లక్క గీసుకుపోయింది, ఒంటినిండా పార పళ్ళ గాట్లే. ముళ్ళు తిరిగొచ్చాక చేపలూ బాగానే పడ్డాయి. కానీ వియ్యంకులిద్దరూ ఊరంతా చెప్పుకునేది ఆ పడని చేపల గురించే. ఆదివారం ఆదివారం జగ్గారావుగారి కారు తవిటినాయుడుగారి వీధిలో ఆగుతుంది. బయల్దేరే ముందు ఆయన నన్ను తిరగేసి ముళ్ళు తడుముకుంటారు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, సీట్లో బావగారున్నారో లేదో చూసుకుంటారు. అప్పుడే కారు కదులుతుంది.