ముసలమ్మ గది మార్చింది

ఆ ఇంట్లో కుక్క ఒకటే, తోటికోడళ్ళు ఇద్దరు. చిక్కంతా అక్కడే.

మూతి నెరిసిన కుక్క కనుక దానికి ముసలమ్మ అనే పేరు స్థిరపడింది. దానికి పెట్టేదీ పోసేదీ పెద్దకోడలు. అది తోక ఊపేది, పక్కన చేరి పడుకునేది మాత్రం ఉద్యోగం చేసే చిన్నకోడలి దగ్గర. "పెట్టే చెయ్యి నాది, నాకించుకునే చెయ్యి ఆవిడది" అని పెద్దకోడలు వంటింట్లో గిన్నెలతో చెప్పుకుని కుళ్ళుకునేది.

అలాంటిది, ఈమధ్య ముసలమ్మ గది మార్చింది. చిన్నకోడలు ఎంత పిలిచినా కదలకుండా పెద్దకోడలి గదిలో చల్లటి గచ్చు మీద పడుకుంటోంది. నీళ్ళు పోస్తే గటగటా తాగి, ఇంకా కావాలన్నట్టు ఆవిడ మొహంలోకి చూస్తుంది. ఆ చూపు కోసం ఆవిడ రోజంతా బిందెలు మోయడానికైనా సిద్ధమే. అది ఉచ్చ పోసి గది తడిపితే ఆవిడ గుట్టుగా తుడిచేసేది. తెలిస్తే ఒంట్లో బాలేదంటూ చిన్నకోడలు ఎత్తుకుపోతుందని భయం.

"ఏం మందు పెట్టావక్కా దీనికి?" అంది చిన్నకోడలు నవ్వుతూనే. మొహం మాత్రం చిన్నబోయింది.

"ఎవరిది ప్రేమో నోరులేనిదానికి తెలీదా?"

ఆ పూట పెద్దకోడలికి రెండు ముద్దలు ఎక్కువే దిగాయి.

తర్వాత ముసలమ్మ తిండి మానేసి వాంతులు మొదలుపెట్టింది. ఇద్దరూ కలిసి పశువుల డాక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్ళారు.

"నీళ్ళు ఎక్కువ తాగుతోందా?" డాక్టరమ్మ అడిగింది.

"లేదండీ. నా గదిలో గిన్నెలో పోసింది పోసినట్టే ఉంటోంది," అంది చిన్నకోడలు.

"అయితే ఏదో పడనిది తిన్నట్టుంది. ఇంజెక్షన్ చేస్తా, రెండ్రోజులు చూడండి."

గిన్నెలన్నీ ఖాళీ అవుతున్నది తన గదిలోనని పెద్దకోడలికి తెలుసు. నోరు విప్పితే, ముసలమ్మ తన గదికి ఎందుకొచ్చిందో తోటికోడలి ఎదుటే తేలిపోతుంది. బల్ల మీద కుక్క డొక్కలెగరేస్తోంది.

"తాగుతోందండీ," అంది చివరికి. "నా గదిలో. గిన్నెలకు గిన్నెలు. గది కూడా తడిపేస్తోంది. చాలా రోజులైంది."

"ఎదకెప్పుడొచ్చింది?"

"పోయిన నెలే," అంది పెద్దకోడలు.

"పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదా?"

"లేదండీ."

డాక్టరమ్మ వెంటనే స్కాన్ చేసింది. "గర్భసంచి నిండా చీము. దారి మూసుకుపోయి బయటికి రాలేదు, అందుకే మీకు కనబడలేదు. ఈ దాహమంతా దానివల్లే. సెలైన్ పెట్టి ఈ పూటే సంచి తీసేయాలి. రెండ్రోజులాగితే లోపలే పగిలిపోయేది."

చిన్నకోడలు తోటికోడలి వైపు చూడకుండా ముసలమ్మ తల నిమిరింది. నాలుగు తిట్టినా బాగుండేదని పెద్దకోడలికి అనిపించింది.

ముసలమ్మ బతికింది. కుట్లు మానేదాకా పెద్దకోడలే ఒళ్ళో పెట్టుకుని మాత్రలు మింగించింది. కుట్లు విప్పించిన సాయంత్రం, గుమ్మంలో చిన్నకోడలు చెప్పులు విడిచిన చప్పుడైంది. ముసలమ్మ చెవులు నిక్కించి, పెద్దకోడలి ఒళ్ళోంచి దూకి, తోకూపుకుంటూ గుమ్మంలోకి పరిగెత్తింది.

"అక్కా, పూర్తిగా నయమైపోయింది చూశావా!"

"చూశాను," అంది పెద్దకోడలు. అది నయమవ్వాలని అందరికంటే ఎక్కువ కోరుకున్నది తనే. ఇంత తొందరగా అవ్వాలా అని ఏడ్చుకున్నదీ తనే.