ఓడవాడి సరుకు

"భద్రన్నను ఆస్పత్రి నుంచి పంపిస్తున్నరంట!" శ్యాంసుందర్ ఫోను పైకెత్తి అరిచాడు.

చోవా చూ కాంగ్‌లో తన్మయి వాళ్ల ఫ్లాట్ల కింద, ఆదివారం ఆమె చెప్పే ఇంగ్లీషు పాఠానికొచ్చిన కూలీలంతా లేచి ఈలలు వేశారు. తన్మయి కూడా గంతేసింది. పెళ్లయి నెల కాలేదు. ఈ మధ్య ఆమెకు ప్రతిదీ పండగే. భర్త పృథ్వీ పొద్దున్నే దిగి బల్లల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసి వచ్చినా పండగే. చోప్ అంటే అంతే, ప్యాకెట్ పెడితే ఆ చోటు మనది. ఈ ఊళ్లో దాన్నెవరూ కదపరు. భద్రయ్య కూర్చునే చోట కూడా ఒకటి పెట్టారు.

ఇవాళ్టి పాఠం నాటకం. అమెరికా ఇంగ్లండు వలసగా ఉన్నప్పటి వర్జీనియా. టై కట్టుకున్న పృథ్వీ ఓడ కెప్టెన్. కూలీలు పొగాకు రైతులు.

"పొగాకు నాకే అమ్మాలి. ధర నేను చెప్పిందే. చెప్పులు, గుడ్డలు, మేకులు కూడా నా దగ్గరే కొనాలి."

"ఇంకో దుకాణానికి పోతం!"

"ఇంకో దుకాణం లేదు."

"ఇగో, మన కాంట్రాక్టరే!" అన్నాడు శ్యాంసుందర్. నవ్వబోయిన వాళ్లు ఆగిపోయారు.

కూలీలుండే డార్మిటరీలో పొయ్యి గదికి తాళం. జీతంలో కోసుకుని కాంట్రాక్టర్ పెట్టే ప్యాకెట్టే తినాలి. తెల్లారకముందే కట్టిన అన్నం మధ్యాహ్నం దాకా సైటు కంచెకు వేలాడుతూ ఎండలో పులుస్తుంది. భద్రయ్య తిని ఆస్పత్రి పాలైంది అదే.

అంతలో సూపర్‌వైజర్ జనార్ధనరావు వచ్చాడు. "కాలేజీ పెట్టారేంట్రా?" అంటూ భద్రయ్య చోట కూర్చోబోయి, టిష్యూ ప్యాకెట్ చూసి, అలవాటు కొద్దీ పక్కకు జరిగి నిలబడ్డాడు. "బయట ఏదో తిన్నానని భద్రయ్య రాసిస్తే సరి. లేదా రేపు సాయంత్రం ఇంటికి ఫ్లైటు. ఎవడు నోరు విప్పినా పక్క సీటు వాడిదే!"

అతను వెళ్లిపోయాడు. కూలీల్లో పెద్దవాడైన రామారావు తల దించుకున్నాడు. "ఊకుందాం. పిల్లలున్నరు."

"భద్రన్నకు లేరా?" శ్యాంసుందర్ కసిరాడు. "అక్కా, ఆ పొగాకోళ్లు ఏం జేసిన్రు?"

"చాలాకాలం భరించారు," అంది తన్మయి. " మనవల కాలానికి ఓడ సరుకు కొనడం మానేశారు. ఆడవాళ్లు నలుగురిలో కూర్చుని నూలు వడికారు. కానీ ఆ తోటల్లో నడుం వంచిన బానిసల సంకెళ్లు మాత్రం విప్పలేదు."

"మనం ఓడ మీదోళ్లం కాదు, తోటోళ్లం కాదు. నడుం వంచినోళ్లం. మనవల దాక ఎందుకు?" శ్యాంసుందర్ భద్రయ్య చోటున్న టిష్యూ ప్యాకెట్‌ను చూపించాడు. "గంత పెద్ద సూపర్‌వైజరే దీన్ని ముట్టలే. రేపు అన్నం ప్యాకెట్లు తీసుకుందాం, విప్పొద్దు. డార్మిటరీ ఆఫీసు గుమ్మం ముంగట వరుసగ పెట్టి చోప్ చేద్దాం! భద్రన్న టికెట్ రద్దు జేసేదాక, పొయ్యి తాళం తీసేదాక ఆ జాగ మనది."

"పోలీసులొస్తే?" అన్నారెవరో.

"ఎవని ప్యాకెట్ ఏదని అడుగుతరు. అన్నీ నావే అని అందరం అందాం."

రామారావు మెల్లగా తలెత్తాడు. "నాది ముందు పెట్టు."

ఆ మాటతో బల్లలు దద్దరిల్లాయి. తన్మయి పృథ్వీ వైపు చూసింది. అతను టై విప్పుతూ, "పెళ్లికిచ్చిన పెద్ద కుక్కర్ ఇంకా పెట్టెలోనే ఉంది కదూ?" అన్నాడు.

"రేపు మీరెవరూ పస్తుండరు. పులిహోర మేం తెస్తాం," అంది తన్మయి. "ఎన్నింటికి?"

"సైటుకు తీస్కపోయే లారీ వచ్చే యాళ్లకు, అక్కా. రేపు ఒక్కడు గూడ దాన్ని ఎక్కడు!"