పూలమ్మ గదిలో దాచిన క్యాన్

నా కోడలు నాకేదో పెడుతోందన్నది అనుమానం కాదు, నమ్మకం. రెండు నెలలుగా చేతులు వణుకుతున్నాయి, గుండె దడ, తిన్నది ఒంటికి పట్టడం లేదు. బిందుమాధవి చేతి కాఫీ తాగడం మొదలుపెట్టినప్పటి నుంచే ఇదంతా. మోకాళ్ల నొప్పులని వంటగది తనకి అప్పగించాను చూడండి, అదీ నా బుద్ధితక్కువతనం. మా అబ్బాయి రాజాబాబుకి చెబితే నవ్వి ఊరుకున్నాడు. పెళ్లాం మోజులో ఉన్నవాడికి తల్లి మాట ఎందుకు చెవికెక్కుతుంది?

బాన్సువాడలో డాక్టరు ఓపికస్తుడు. నాటు మందులేమైనా వాడారా అని అడిగాడు. పోయినేడు మోకాళ్లకని ఒక వైద్యుడిచ్చిన నల్ల పొడి నాలుగు నెలలు తిన్నానని చెప్పాను. అలాంటి పొడుల్లో ఒక్కోసారి పాదరసం ఉంటుందట. ఒంట్లో చేరితే మూత్రంలో బయటపడుతుందట. పెద్ద ప్లాస్టిక్ క్యాన్ చేతికిచ్చి, పొద్దున మొదటిసారిది వదిలేసి, మర్నాడు పొద్దునదాకా ప్రతిసారీ అందులోనే పట్టమన్నాడు. హైదరాబాదు పంపి పరీక్ష చేయిస్తారు. అంతా పొడి వల్లేనేమోనని ఆయన్ని అనుకోనిచ్చాను. నా మనసులో ఉన్నది వేరు.

క్యాన్ ఇంట్లో ఉంచితే ఇంకేమైనా ఉందా, కోడలు సగం పారబోసి నీళ్లు కలిపేయదూ! అందుకని పెరట్లో పూలమ్మ ఉండే గదిలో దాచాను. పూలమ్మ పదిహేనేళ్లుగా మా ఇంట్లోనూ పొలంలోనూ పనిచేస్తోంది. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరినీ దాని మీద చెయ్యి వేయనివ్వద్దని, ఏమైనా తేడా వస్తే తోలు తీస్తానని చెప్పాను. పగలూ రాత్రీ మోకాళ్లు పట్టుకుని పెరడు దాటి ఆ గదికి తిరిగాను. బిందు కిటికీలోంచి చూస్తూనే ఉంది. చూడనీ అనుకున్నాను.

పదిరోజులకి రిపోర్టు వచ్చింది. పాదరసం ఉండదగిన దానికి ఆరు రెట్లు ఉంది. ఎవరికైనా భయం వేస్తుంది కదా, నాకు సంతోషం వేసింది. నిజమే చెబుతున్నాను. ఆ కాగితం పట్టుకుని ఇద్దరినీ పిలిచి కడిగేశాను. ఎక్కడ తెచ్చావు, ఎవరు నేర్పారని బిందుని నిలదీశాను. పొడి వల్లేమో అని రాజాబాబు నసిగాడు. పొడి మానేసి ఏడాదైందిరా అన్నాను. ఈ ఇంట్లో తనైనా ఉండాలి, నేనైనా ఉండాలి, తేల్చుకోమన్నాను. బిందు మొగుడి వంక చాలాసేపు చూసింది. వాడు తల ఎత్తలేదు. తను లోపలికెళ్లి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు గుమ్మం దగ్గర పూలమ్మ ఏడుస్తూ నిలబడింది.

“గా డబ్బల ఉన్నది నీది గాదమ్మా,” అంది. “ఊడ్వనీకి జరుపుతుంటె చేతులకెల్లి జారిపోయింది. అంత ఒలికింది. నా చేతులు నిలుస్తలేవు. నువ్వు తిడ్తవని భయానికి నాదే నింపిన. చిన్నమ్మను ఎల్లగొట్టకు.”

నేను నమ్మితేనా! ఈ మాటలు చిలక్కి నేర్పినట్టు కోడలే నేర్పిందనుకున్నాను. కొత్త చీర ఏమైనా పెట్టిందేమోనని పూలమ్మ ఒంటికేసి కూడా చూశాను. పాత చీరే. అయినా సరే, ఇద్దరం మళ్లీ పరీక్ష చేయించుకుందాం, ఎవరి నాటకం ఏమిటో బయటపడుతుందన్నాను. అది తేలాకే పుట్టింటికి వెళతానంది బిందు.

ఈసారి రెండు క్యాన్లు. వాటి మీద పేర్లు నేనే రాశాను. పూలమ్మని నా గదిలోనే కూర్చోబెట్టి, మర్నాటిదాకా కాపలా కాశాను. వారం దాటాక రెండో రిపోర్టుకి బిందు కూడా మాతో వచ్చింది.

నాకు పాదరసం లేదు. రక్తపరీక్షలో థైరాయిడ్ అని తేలింది, వణుకూ దడా దానివల్లేనట, మాత్రలు వేసుకుంటే తగ్గుతుందట. పూలమ్మకి మాత్రం మొదటిసారి కన్నా ఎక్కువ ఉంది. మూత్రపిండాలు కూడా దెబ్బతింటున్నాయన్నాడు డాక్టరు. అంటే అది చెప్పిందే నిజం.

నాటు మందులు తిన్నావా అని ఆయన పూలమ్మని అడిగాడు. లేదంది. మొహం తెల్లబడే క్రీముల్లోనూ పాదరసం ఉంటుందట, అలాంటివేమైనా రాస్తావా అంటే సిగ్గుపడి చెంగు అడ్డం పెట్టుకుని లేదంది. తిండిలో ఎవరైనా ఏమైనా కలుపుతున్నారని అనుమానం ఉందా అని అడిగాడు.

“నాకు తిండి వెట్టేది గీ అమ్మనే సారూ. అమ్మ మీద ఏం అనుమానం? పీపల అడుగు బియ్యం నాకే ఇస్తది. బిళ్లలు ఏస్తది గద, ఒక్క పురుగుండదు. బిళ్లలు చితికి నల్లగైతె రెండుసార్లు కడుక్కుంట, గంతె.”

డాక్టరు నా వైపు తిరిగాడు. బూడిదరంగులో ఉంటాయి, మహారాష్ట్ర వైపు నుంచి సంతకు వస్తాయి, అవేనా అన్నాడు. అవేనన్నాను. వాటిలో ఉండేది పాదరసమేనన్నాడు.

మా కాలువ కింది ఊళ్లలో చాలా ఇళ్లలో వేస్తారు. సంవత్సరానికి సరిపడా బియ్యం పీపాల్లో పోసి, మధ్య మధ్య ఆ పురుగు బిళ్లలు పెడతాం. పై బియ్యం మేము తింటాం. చితికిన బిళ్లల పొడి దిగి, అడుగున రంగు మారిన బియ్యం మాకెవరికీ సహించదు. పారేయడానికి చేతులు రాక పూలమ్మకి పోసేదాన్ని. పదిహేనేళ్లు. ఒక మనిషికి అన్నం పెడుతున్నానని లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా.

విషం పెట్టింది మీరేనని నన్ను అనడానికి బిందుకి ఎంతసేపు? నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

“నేనే వేశాను,” అన్నాను. “అడుగు బియ్యం దీనికి పెట్టిందీ నేనే.”

డాక్టరు రాసుకోవడం ఆపి నన్ను చూశాడు. పూలమ్మకి ఏమీ అర్థం కాలేదు గానీ, ఆయన నన్నేదో అనబోతున్నాడని తోచింది కాబోలు, వణికే చేత్తో నా భుజం పట్టుకుంది.

“అమ్మను ఏమనకు సారూ,” అంది. “అమ్మ మంచికే ఏస్తది.”