కడగని గోడ

ఆ పొద్దున రెండో ఇంటి స్నానాలగదిలో క్లిఫ్ ఎంట్విజిల్ మోకాళ్ళ మీద కూర్చుని గోడ కడుగుతున్నాడు. మందు చల్లాలి, పది నిమిషాలు ఆగాలి, స్పంజితో తుడవాలి, ఆరాక తెల్లరంగు ఒక పూత వెయ్యాలి. నల్లటి బూజు చారలుగా కారి రబ్బరు తొడుగుల మీదుగా మోచేతి దాకా పాకింది. అరవై మూడేళ్ళ మనిషి. చెవుల్లో నెరిసిన వెంట్రుకలు, బ్లీచుకి వెలిసిపోయిన చొక్కా చేతులు, లేచి నిలబడితే టకటకమనే మోకాళ్ళు. నాలుగు నెలలు తిరగకుండానే ఈ గోడ మళ్ళీ నల్లబడుతుంది, మళ్ళీ తనే వస్తాడు. ఈ కంటితుడుపు పనికి, ఇళ్ళు అద్దెకిచ్చే ఊరి కౌన్సిల్ వాళ్ళు కాగితాల్లో రాసుకునే పేరు ‘చికిత్స’. ఆ మాట వింటేనే అతనికి ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

పదిహేడో ఏట ఇదే హార్ల్‌డెన్ ఊళ్ళో, ఈ నాలుగంతస్తుల ఇళ్ళకే అతను ఇటుకలు పేర్చాడు. అప్పట్లో కౌన్సిల్‌కి సొంత మేస్త్రీలు, వడ్రంగులు, ప్లంబర్లు మూడొందల మంది ఉండేవాళ్ళు. మిల్లుల పక్క ఇరుకు కొంపల్లోంచి వచ్చిన ఆడవాళ్ళు తాళంచెవి పుచ్చుకుని, లోపల స్నానాలగది చూసి ఏడవడం అతను కళ్ళారా చూశాడు. తరవాత లండన్ నుంచి రావలసిన నిధులకి ఏటా కత్తెర పడింది. మేస్త్రీలు పోయారు. లైబ్రరీ పోయింది. ఈతకొలను మూతపడి, దాని గేటుకి ఎవరో కట్టిన బెలూను కూడా చీకిపోయింది. ఇళ్ళు కట్టిన చేతికి స్పంజి మిగిలింది.

ఆరేళ్ళుగా ప్రతి శనివారం టౌన్‌హాలు మెట్ల ముందు మడత బల్ల వేసుకుని నిలబడతాడు. కౌన్సిల్ ఇళ్ళకీ, ఊళ్ళ కౌన్సిళ్ళకీ నిధులు పెంచాలని సంతకాలు. భార్య జూన్ పోయాక పొద్దుపోక మొదలుపెట్టాడని కొందరంటారు. అందులో అబద్ధమేం లేదు. “ఏం క్లిఫ్, ప్రభుత్వం దిగొచ్చిందా?” అని వేళాకోళం చేస్తూనే సంతకం పెట్టేవాళ్ళున్నారు. తలొంచుకుని పక్కనుంచి జారుకునేవాళ్ళు అంతకు నాలుగింతలు.

ఇవాళ పదకొండింటికి లండన్ నుంచి పెంబరీ అనే అధికారి వస్తున్నాడు. కౌన్సిలర్ షాహీన్ మాలిక్ ఏడాదిపాటు కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన గంటసేపు అది. ఒక్క ఇల్లు చూస్తాడు. చెమ్మ బయటి గోడలోంచే వస్తోందని అతను రాస్తే, ఈ ఇళ్ళన్నిటికీ గోడలు బాగుచేసే నిధుల జాబితాలో ఊరి పేరు చేరుతుంది. రాయకపోతే ఇంకో మూడేళ్ళ దాకా ఆ ఊసే ఎత్తరు.

చూపించబోయేది పద్నాలుగో నంబరు, హిల్డా రాస్ట్రన్ ఇల్లు. డెబ్భై ఎనిమిదేళ్ళావిడ. నూలుమిల్లు దూదిపొడికి పాడైన ఊపిరితిత్తులు, దానికి తోడు పడకగది గోడ నేల నుంచి కప్పు దాకా నలుపు. పోయినేడు సర్వేయరు వచ్చాడుగాని, సరిగ్గా రెండ్రోజుల ముందే క్లిఫ్ ఆ గోడ కడిగేశాడు. తెల్లటి గోడ చూసి సర్వేయరు ‘ఏమీ కనబడలేదు’ అని రాసి చేతులు దులుపుకున్నాడు. మసి పూసి మారేడుకాయ చేసేవాళ్ళని చూశాం. ఈ కౌన్సిల్‌లో మసి తుడిచి చేస్తారు.

అందుకే ఈసారి రెండు నెలలుగా ఆ గోడని ముట్టుకోలేదు. పని వచ్చిన ప్రతిసారీ కౌన్సిల్ పనులు పంపే చేతియంత్రంలో ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని కొట్టేశాడు. “నువ్వు నా మంచికే చెప్తావులే నాయనా, ఉండనీ” అంది హిల్డా. ఆ గదిలోనే పడుకుంది. దగ్గు ముదిరింది. వరండాలోంచి ఆ దగ్గు విని రెండుసార్లు స్పంజి బయటికి తీశాడు, మళ్ళీ బకెట్లో పడేశాడు. ఊరికోసం ఒక ముసలిదాన్ని బూజులో ఉంచాడు. దాన్ని ఏమంటారో అతనికి తెలుసు.

పదకొండింటికి పెంబరీ, షాహీన్, తనూ ముగ్గురూ మెట్లెక్కారు. బ్లీచు వాసన తన చొక్కాదే అనుకున్నాడు క్లిఫ్. మూడో అంతస్తుకి వచ్చేసరికి అది తనది కాదని తెలిసిపోయింది.

హిల్డా తలుపు తీసింది. నీలం స్వెట్టరు, మెడ దగ్గర పిన్ను, దువ్వి దిద్దిన జుట్టు. పెదవులు కాస్త నీలిరంగు తిరిగి ఉన్నాయి. గుమ్మం కూడా తోమింది. పడకగదిలో గోడ పాలలా తెల్లగా ఉంది. ఆమె చెయ్యి అందనంత ఎత్తులో మాత్రం చిన్న మరక మిగిలింది, దానికడ్డంగా కేలండరు తగిలించింది.

“ఇల్లు ముచ్చటగా ఉంచుకున్నారండీ” అన్నాడు పెంబరీ. హిల్డా మొహం విప్పారింది.

షాహీన్ ఫోను బయటికి తీసింది. “మా దగ్గర ఫొటోలున్నాయి సార్. పోయిన వారానివే.”

“ఫొటోలు అన్ని ఊళ్ళవాళ్ళూ పంపుతారమ్మా. నేను చూసింది నేను రాయాలి.”

“చెయ్యి పెట్టి చూడండి. చెమ్మ లోపల్నించి ఊరుతోంది” అన్నాడు క్లిఫ్.

పెంబరీ ఒక్క వేలు ఆనించి, ఆ వేలుని జేబురుమాలుకి తుడుచుకున్నాడు. “తడిగానే ఉంది. ఇప్పుడే కడిగారు కదా మరి.”

అంతే. టీ తాగాడు, బిస్కట్టు సగం కొరికి వదిలేశాడు, కిటికీలు తెరిచి ఉంచుకోమని ఆమెకి సలహా చెప్పాడు. షాహీన్ అతని వెనకాలే మెట్లు దిగుతూ ఇంకా ఏదో చెబుతూనే ఉంది.

“ఎందుకు చేశారమ్మా?” అన్నాడు క్లిఫ్. గొంతులో కోపం దాగలేదు.

“లండన్ నుంచి పెద్దమనిషి వస్తుంటే ఆ దరిద్రం చూపించమంటావా? మా అమ్మ వింటే సమాధిలోంచి లేచొచ్చి నాలుగు తగిలిస్తుంది.”

“ఆయన వచ్చిందే అది చూడ్డానికి కదమ్మా!”

“తెలుసు నాయనా. రాత్రి పడుకునేదాకా తెలుసు. పొద్దున్న లేచేసరికి...” దగ్గు తెర వచ్చింది. “రెండు నెలలు నీ మాట విన్నాగా. ఇవాళొక్కరోజు చేతులు ఊరుకోలేదు.”

“దేంతో కడిగారు?”

“నువ్వు పోయినేడు మర్చిపోయిన డబ్బా. బాగా పనిచేసింది.”

ఆ మందు ఒక వంతుకి పది వంతుల నీళ్ళు కలపాలి. ఆమె కలపలేదు. పైగా పక్కింటివాళ్ళకి వాసన పోతుందని కిటికీలు మూసి కడిగింది. క్లిఫ్ కిటికీలన్నీ బార్లా తీశాడు, ఆమెని గాలి తగిలేచోట కుర్చీలో కూర్చోబెట్టాడు, అంబులెన్సుకి ఫోన్ చేశాడు. బళ్ళు తక్కువున్నాయి, ఆలస్యమవుతుందన్నారు. ఈ దేశంలో ఆలస్యం కానిది ఏదైనా ఉందా అని వాళ్ళమీద అరిచాడు. అవతలి పిల్ల పాపం క్షమించమంది.

“గొడవెందుకులే” అంది హిల్డా కళ్ళు మూసుకుని. “ఆ కప్పులు కాస్త కడిగిపెట్టు, మరకపడతాయి.”

కాదనలేక వంటింట్లోకి వెళ్ళాడు. మధ్యమధ్య తొంగిచూస్తూ మూడు కప్పులు కడిగాడు. ఆమె దగ్గు వినబడుతోంది. నాలుగో కప్పు తుడుస్తుండగా దగ్గు ఆగింది. మొదట హమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తరవాత తన మీద తనకే పుట్టిన రోత చాలాకాలం వదల్లేదు.

అంబులెన్సు వాళ్ళు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యగలిగినంతా చేసి లేచారు. ఆమెని దించుతుంటే కింది అంతస్తుల్లో తలుపులు తెరుచుకుని, మెల్లగా మూసుకున్నాయి. క్లిఫ్ చేతిలో యంత్రం మోగింది. ‘పద్నాలుగు: గోడ శుభ్రం. ఫిర్యాదు ముగిసింది.’

దించేముందు ఆమె మీద కప్పడానికి దుప్పటి ఒకటి కావాలంటే తీసి ఇచ్చిందీ అతనే. ఆ దుప్పటి లాగిన మంచం చిందరవందరగా ఉంది. అలా వదిలేసిపోతే ఆమె ఊరుకోదని, వంగి పక్కదుప్పటి అంచు పరుపు కింద దోపబోయాడు. మంచం కింద, ఇందాక పెంబరీ నిలబడిన చోటికి జానెడు దూరంలో, అంచుదాకా నల్లటి నీళ్ళతో ఒక బకెట్టు ఉంది. దాని మీద ఇస్త్రీ చేసిన తెల్లటి గుడ్డ, నాలుగు మూలలూ సమంగా సర్ది, కప్పి ఉంది.