నాన్న చదివిన ఊరు

ఆల్డెన్ గ్రోవ్‌లో అడుగుపెట్టిన కాసేపటికే రోండా ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది.

జూన్ నెల. కాలేజీ కుర్రాళ్ళు సెలవులకు ఇళ్ళకు పోతూ, ఏడాది పొడుగునా వాళ్ళు బతికిన బతుకునంతా రోడ్డు పక్కకు ఈడ్చి పారేశారు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా సోఫాలు, వానకు నాని ఉబ్బిన పరుపులు, తలుపు ఊడిన చిన్న ఫ్రిజ్‌లు. ఒక సోఫా మీద ‘ఉచితం’ అని అట్టముక్క పెట్టారు. దాని మడతల్లో ఎప్పటిదో పిజ్జా ముక్క, ముక్క నిండా ఈగలు. కాటన్‌వుడ్ చెట్ల నుంచి రాలిన దూది ఆ తడికి అంటుకుని ప్రతిదానికీ బూజు పట్టినట్లుంది.

ఆమె భర్త డ్వైట్ మాత్రం కారు అద్దం దించి, కళ్ళు సగం మూసుకుని గుండెల నిండా గాలి పీల్చాడు.

“ఆహా! వాసన చూశారా? నా వయసు వాసన!”

“పాచి బీరు వాసన నాన్నా,” అంది వెనక సీట్లోంచి బ్రిటా.

కాకి పిల్ల కాకికి ముద్దు. డ్వైట్‌కు ఈ ఊరు అంతే. ఒమాహాలో ట్రాక్టర్లు అమ్ముకునే మనిషి, ఈ ఊరి పేరు ఎత్తితే చాలు, కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. బ్రిటా పుట్టిన రోజునే తను చదివిన ఇక్కడి కాలేజీ పేరున్న ఉన్ని టోపీ ఆ పసిగుడ్డు నెత్తిన పెట్టాడు. ఇప్పుడా పిల్ల హైస్కూలు ఆఖరి ఏడాదిలోకి వస్తోంది. ఇక్కడ చేరాలా, మిన్నెసోటాలో ఇంకొక కాలేజీలో చేరాలా అన్నది ఈ వేసవిలో తేల్చుకోవాలి. అది తేల్చడానికే ముగ్గురూ వచ్చారు. నిజానికి డ్వైట్ లెక్కలో అది ఎప్పుడో తేలిపోయింది. కూతురు తన కళ్ళతో చూసి తన బుద్ధితో తేల్చుకోవాలని రోండా పట్టు. అందుకే దారంతా నోరు కట్టేసుకుని కూర్చుంది.

పొద్దున కాలేజీ తిప్పి చూపించారు. ఒక చలాకీ పిల్ల వెనక్కి నడుస్తూ, ఎక్కడా తడబడకుండా, లైబ్రరీ గురించీ భోజనశాల గురించీ చిలక పలుకుల్లా అప్పజెప్పింది. తల్లిదండ్రులందరూ గొర్రెల మందలా ఆమె వెంట నడిచారు. అంతా చూసిందే, విన్నదే. కానీ భవనాల వెనక ఒక గడ్డి బీడు ఉంది. నాగలి తగలని కాలం నాటి ప్రెయిరీ గడ్డిని అక్కడ మళ్ళీ పెంచుతున్నారు. వసంతంలో విద్యార్థులే దానికి నిప్పు పెట్టి తగలబెడతారట, మళ్ళీ బలంగా మొలవడానికి.

“నేను కూడా తగలబెట్టొచ్చా?” అని అడిగింది బ్రిటా.

“మొదటి ఏడాది నుంచే. నీకో పార ఇస్తారు, మొహం నిండా మసి ఇస్తారు,” అని నవ్వింది ఆ చలాకీ పిల్ల.

బ్రిటా వంగి ఆ గడ్డిని చేత్తో దువ్వింది. ఆ పిల్ల ముఖం అంతగా వెలగడం రోండా ఈమధ్య చూడలేదు. సరేలే, ఊరెంత కంపు కొడితే మనకేం, పిల్లకు నచ్చిందిగా అనుకుని మనసు సర్దుకుంది. డ్వైట్ కూడా అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! ఊరుకోలేదు.

“ఇదంతా సరే. ఇప్పుడు అసలు కాలేజీ చూపిస్తా పదండి,” అన్నాడు.

అసలు కాలేజీ అంటే అతని ఫ్రాటర్నిటీ ఇల్లు, అన్నదమ్ములమని ఒట్టేసుకున్న కుర్రాళ్ళ సంఘం కలిసి ఉండే చోటు. ముందు తెల్ల స్తంభాలు, వాటి మధ్య మూత్రం కంపు. సెలవులకు ఇంటికి పోని కుర్రాడొకడు నిక్కరు మీద, చేతిలో పాలగిన్నెతో తలుపు తీశాడు. పేరు ట్రిప్ అట. డ్వైట్ తనెవరో చెప్పగానే ఇద్దరూ వేళ్ళు మెలేసి అదేదో రహస్యపు కరచాలనం చేసుకున్నారు.

“రా అన్నా, రా! నీ ఇల్లేగా!” అన్నాడు ట్రిప్.

“ఏం తమ్ముడూ, ఇల్లు బాగా చూసుకుంటున్నారా?”

ఎంత బాగా చూసుకుంటున్నారో లోపల అడుగు పెడితే తెలిసింది. రోండా చెప్పు నేలకు అతుక్కుని, ఎత్తితే చర్రుమంది. వంటింటి తొట్టిలో గిన్నెల మీద పచ్చటి నూగు లేచింది. మెట్ల కింద ఎవరో ఎప్పుడో కక్కితే దాని మీద తువ్వాలు కప్పి వదిలేశారు. రోండా నర్సు. పాతికేళ్ళుగా చీము, నెత్తురు, మలం అన్నీ తుడిచిన మనిషి. రోగి పక్కలో కలగని రోత ఆమెకు ఇక్కడ కలిగింది. రోగి కావాలని చేయడు మరి.

డ్వైట్ వాళ్ళను నేలమాళిగలోకి దింపాడు. అక్కడొక పొడుగాటి రేకు తొట్టి ఉంది, పందులకు కుడితి పోసే తొట్టి. కరిగిన ఐసు నీళ్ళలో బీరు డబ్బాలు తేలుతున్నాయి. డ్వైట్ దాని అంచు మీద చెయ్యి వేశాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

“ఇదే బ్రిటా, నేను చెబుతుంటానే, పందుల రాత్రి! కొత్తగా చేరిన వాళ్ళందర్నీ ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టి, వారం రోజుల ఎంగిలంతా ఇందులో పోసేవాళ్ళం. మూతితో తినాలి. తిన్నవాడు తమ్ముడు, తిననివాడు పరాయివాడు!”

“నువ్వూ తిన్నావా?”

“తినకపోతే ఎలా? తర్వాతేడు నేను పోశాను!” పకపకా నవ్వాడు. “మా కింద బ్యాచ్‌లో ఒకడుండేవాడు, ఈ ఊరివాడే, ఊచలాగా ఉండేవాడు. వాళ్ళ నాన్న నిజంగానే పందులు పెంచేవాడు. వీడు మాత్రం చచ్చినా తిననన్నాడు. సరే, తల పట్టి ముంచాం. వెంటనే భళ్ళున కక్కాడు, మళ్ళీ అందులోకే. అందుకని వదుల్తామా? దాంతో సహా తినిపించాం! ఆ రాత్రి నుంచి వాడి పేరు కుడితి. కాలేజీ అంతా అదే పేరు. ఒక ప్రొఫెసర్ కూడా కుడితీ అనే పిలిచేవాడు!”

ట్రిప్ నోట్లో పాలు పొలమారేలా నవ్వాడు. “మేం ఇప్పటికీ చేస్తున్నాం అన్నా. కాలేజీవాళ్ళకు తెలిస్తే గోల కాబట్టి తలుపులేసుకుని చేస్తాం.”

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. రోండా ఆ తొట్టికి దూరంగా జరిగింది. ఈ కథ ఆమె ఎన్నిసార్లు విన్నదో! పెరట్లో మాంసం కాలుస్తూ స్నేహితులకు డ్వైట్ ఈ కథ చెప్పినప్పుడల్లా, సరిగ్గా ‘కుడితి’ అన్నచోట ఆమె కూడా నవ్వింది. కానీ కక్కిందాన్ని తినిపించిన ముక్క ఇంటిదగ్గర ఎప్పుడూ చెప్పలేదు. తొట్టి కళ్ళబడేసరికి అదీ పైకొచ్చింది. ఛీ, ఈ మనిషి పక్కనా నేను ఇన్నేళ్ళు పడుకున్నది అనుకుంది.

“తర్వాత అతనేమయ్యాడు?” అంది బ్రిటా. గొంతులో నవ్వు లేదు.

“ఏమవుతాడు? క్రిస్మస్ సెలవులకు పోయినవాడు మళ్ళీ రాలేదు. సరదా తెలీని మనిషిలే. పదండి, కస్టర్డ్ తిందాం!”

ఊరి చివర చెరువు పక్కన ఐస్‌క్రీంలాంటి ఐస్ కస్టర్డ్ అమ్మే కొట్టు. వేసవి వస్తే ఊరు ఊరంతా సాయంత్రాలు అక్కడే ఉంటుంది. చిన్న కిటికీ, ముందు వరుస. కిటికీలో మనిషి ఏం కావాలో అడిగి, పేరు రాసుకుని, తయారవగానే మైకులో పేరు పెట్టి పిలుస్తాడు. దుమ్ము కొట్టుకున్న బంతాట పిల్లలు, చేతికర్రల ముసలి జంటలు, అందరూ ఓపిగ్గా నిలబడ్డారు. బ్రిటా నాన్నకు నాలుగడుగుల దూరంలో నిలబడింది.

వాళ్ళ వంతు వచ్చింది. కిటికీలో సన్నటి మనిషి, నెరిసిన జుట్టు, తెల్ల ఏప్రన్. డ్వైట్ నోరు తెరిచి, మళ్ళీ మూసి, కిటికీలోకి తల దూర్చి చూశాడు.

“ఓరి నీ దుంప తెగ! కుడితీ! నువ్వట్రా?”

వరుసలో వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. కిటికీలో మనిషి చేతిలోని గరిటె గాల్లోనే నిలిచింది. తర్వాత అతను దాన్ని నెమ్మదిగా నీళ్ళ గ్లాసులో పెట్టాడు.

“హలో డ్వైట్. బాగున్నావా? ఏమిమ్మంటావు?”

“చూశారా, గుర్తుపట్టాడు!” డ్వైట్ వరుసలో వాళ్ళ వైపు తిరిగాడు. “వీడూ నేనూ పాత దోస్తులమండీ! వీడికి కుడితని పేరెందుకొచ్చిందంటే...”

“ఎవర్నయ్యా నువ్వనేది?” అంది వెనకనుంచి ఒక ముసలావిడ. “ఆయన మా చర్చి పెద్ద.”

“నాన్నా, ఆపు,” అంది బ్రిటా.

“ఏమీ అనుకోడే పిచ్చిదానా! మా వాడేగా!”

“నీవాడైతే పేరు చెప్పు,” అంది బ్రిటా.

“చెప్పాగా, కుడి...”

“అది కాదు. వాళ్ళమ్మ పెట్టిన పేరు.”

డ్వైట్ నవ్వుతూనే నోరు తెరిచాడు. ఏప్రన్ మీద పేరేమైనా ఉందేమోనని చూశాడు, లేదు. కొట్టు బోర్డు కేసి చూశాడు, దాని మీద బాతు బొమ్మ తప్ప ఇంకేం లేదు. ముఖం ఎర్రబడింది. తాము తల పట్టి ముంచినవాడి పేరు అతనికి తెలియదు. ఎప్పుడూ తెలుసుకోలేదు.

“పర్లేదులేమ్మా,” అన్నాడు కిటికీలో మనిషి మర్యాదగా. “చాలా ఏళ్ళయింది కదా.”

ఆ మర్యాద చూసి రోండాకు ఇంకా రోత పుట్టింది. ఈ వైపు మనుషులు అంతే. ముఖాన ఉమ్మినా ఎదుటివాడికి ఇబ్బంది కలగకూడదని వాన పడిందంటారు.

బ్రిటా కిటికీ దగ్గరకు వచ్చింది. “నా పేరు బ్రిటా అండీ. మీ పేరు?”

“లైల్. లైల్ ప్రొహాస్కా.”

“మరి మా నాన్నని మీరెలా గుర్తుపట్టారండీ, ఇన్నేళ్ళకి?”

లైల్ కాస్త ఆలోచించాడు, అబద్ధం చెబుదామా వద్దా అన్నట్లు. “మనిషి బాగా మారాడమ్మా. గొంతు మారలేదు. ఆ రాత్రంతా నా చెవి పక్కనే ఉంది కదా.”

కోపంగా అనలేదు. బయట ఎండెక్కువగా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. మేం ముంచాం, మేం తినిపించాం అని డ్వైట్ చెప్పిన కథలో తల పట్టుకున్న చెయ్యి ఎవరిదో అప్పుడు రోండాకు తెలిసింది. బ్రిటా వైపు చూసింది. ఆ పిల్లకూ తెలిసింది.

“నాకేం వద్దండీ,” అంది బ్రిటా సన్నగా. రోండా కూడా వద్దని తలూపింది. డ్వైట్ ఒక్కడే తనకో కోన్ చెప్పుకున్నాడు.

కాసేపటికి మైకులో “డ్వైట్!” అని వినబడింది. ప్రతి అక్షరం స్పష్టంగా, మర్యాదగా పలికింది. డ్వైట్ వెళ్ళి కోన్ తెచ్చుకున్నాడు. దాని మీద కాటన్‌వుడ్ దూది వాలింది. దాన్ని వేలితో తీసి, వేలు నాకి, మళ్ళీ కోన్ నాకుతూ కారెక్కాడు. ఆ నాలుక వైపు రోండా చూడలేకపోయింది.

ఊరి పొలిమేర దాటేసరికి డ్వైట్ తేరుకున్నాడు. “చూశారా, ఎంత బాగా మాట్లాడాడో! మనసులో ఏం పెట్టుకోలేదు. మన వైపు మనుషులంటే అదీ! ఇంతకీ పేరేమన్నాడు? లై... లై ఏదో అన్నాడే?”

రోండా తన వైపు కిటికీ అద్దం దించుకుంది.

“ఏంటే, ఇద్దరికీ నోళ్ళు పడిపోయాయా? బ్రిటా, కాలేజీ నచ్చిందా లేదా?”

“నచ్చింది నాన్నా. ఆ గడ్డి బీడు చాలా నచ్చింది. నువ్విక్కడ చదవకుండా ఉంటే చేరేదాన్ని.”

డ్వైట్ చేతిలో కోన్ కరిగి మణికట్టు మీదుగా కారుతోంది. అతను భార్య వైపు తిరిగాడు. స్నేహితుల ముందు కథ చెప్పి, నవ్వు కోసం ఆమె వైపు ఎలా తిరుగుతాడో అలాగే తిరిగాడు.

“నువ్వైనా చెప్పు రోండా. ఏదో కుర్రతనంలో...”

“కారు పక్కకాపు,” అంది రోండా.

ఆపాడు. ఆమె దిగి, వెనక తలుపు తీసి, కూతురి పక్కన కూర్చుంది.